చిన్న తోపును దాని మానాన వదిలేయాలా, చెట్లు తీయాలా?

మోదుగపూలు: మూడు కుటుంబాల ఉమ్మడి తోపు, ఒక హెక్టారు. చెట్లన్నీ ఒకే వయసువి, కింద మొక్క మొలవనంత ఒత్తుగా ఉన్నాయి. కొన్ని తీసేద్దాం, కట్టెలైనా వస్తాయని ఒకరు. గొడ్డలి పెడితే ఊరుకోమని ఇంకొకరు. మీరేమంటారు?

ఒంటికొమ్మ: వదిలేయండి. అడవులకు ఎవరు పాదులు తీశారని పెరిగాయి? నరకడం ఒకసారి మొదలైతే ఆగదు. ముందు వంకర చెట్టు, తర్వాత ఎండింది, ఆ తర్వాత ఎవరింటి దూలానికో నిటారుగా ఉన్నది.

కొత్తచిగురు: ఒంటికొమ్మ గారూ, వేల ఎకరాల అడవికైతే మీ మాట సరే. ఇది హెక్టారు. చతురస్రం అనుకుంటే ఒక్కో వైపు 100 మీటర్లు. ఎండ, వేడిగాలి అంచు నుంచి 30 మీటర్లు లోపలికి వస్తే నడుమ మిగిలేది 40 బై 40, అంటే 16 శాతం. మిగతాదంతా అంచే! పెద్ద అడవిలో ముసలి మాను కూలితే ఆ సందులో వెలుతురు పడి పిల్లమొక్కలు లేస్తాయి. ఇక్కడ కూలేంత ముసలివి లేవు. అన్నీ వెలుతురు కోసం సన్నగా పైకి సాగుతాయి, పెద్ద గాలివానకు తట్టుకోలేవు.

మోదుగపూలు గారూ, గుబురు బాగున్న చెట్టును ఎంచుకుని, దాని కొమ్మలకు అడ్డొచ్చే ఒకటి రెండు మాత్రం తీయండి. అంచున ఉన్న పొదలు ముట్టుకోవద్దు, గాలిని ఆపేవి అవే. నరికితే మోడు నుంచి చిగురేసే జాతులైతే ఇంకో దారి ఉంది: తోపును పది ముక్కలు చేసి ఏటా ఒక ముక్క కొట్టడం. వేరు బతికే ఉంటుంది, పదేళ్లకు మళ్లీ మొదటి ముక్క కోతకొస్తుంది. కానీ ఆ చిగురు మేకల నోటికి అందితే అంతే సంగతులు.

ఒంటికొమ్మ: ఆ 30 మీటర్లు మీరు అనుకున్నవే కదండీ. తోపును బట్టి మారుతుంది. సరే, పలచన చేయడానికి ఒప్పుకుంటా, ఎండిన మానుల జోలికి మాత్రం వెళ్లొద్దు. పడి పుచ్చిన మొద్దు బెరడు ఎత్తి చూడండి: తెల్లటి బూజు దారాలు, పురుగులు, తడి పొట్టు. నిలబడి ఎండిన దాంట్లో వడ్రంగిపిట్ట తొర్ర చేస్తే తర్వాత గుడ్లగూబలూ చేరతాయి. దారి మీదికి వాలినవి తప్ప అన్నీ ఉంచండి.

బావిగట్టు: గొడవ చెట్ల గురించి కాదు, కట్టెలు ఎవరికన్నది. ఉమ్మడి వనరుల మీద పనిచేసి 2009లో ఆర్థిక నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పింది ఇదే: వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, వాళ్లే కాపలా కాసి, తప్పుకు చిన్న జరిమానాతో మొదలుపెట్టే చోట అవి నిలుస్తాయి. తీయబోయే చెట్టుకు ముందే రంగు గుర్తు వేయండి. అందరూ చూశాకే గొడ్డలి. గుర్తు లేని మోడు కనిపిస్తే ఎవర్ని అడగాలో అందరికీ తెలుస్తుంది.

మోదుగపూలు: రంగు గుర్తు మావాళ్లు ఒప్పుకునేలా ఉంది. దుంగలు లాగడానికి ట్రాక్టర్ తేవచ్చా?

కొత్తచిగురు: నేల తడిగా ఉంటే వద్దు. గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. ఎండాక, ఒకే బాటలో రానివ్వండి. పిట్టలు గూళ్లు కట్టే కాలం దాటనివ్వండి, కొట్టడానికి అనుమతి కావాలేమో కూడా ముందే కనుక్కోండి.