స్టేజి కీబోర్డులో పెద్ద పియానో ఒకటి చాలునా, చిన్నవి అనేకం ఉండాలా?

తెల్లమెట్టు:

నేను వాడుతున్న స్టేజి కీబోర్డు నార్డ్ స్టేజ్ 3. పియానో శాంపిళ్ల కోసం, అంటే అసలు పియానోల నుంచి రికార్డు చేసిన ధ్వనుల కోసం, దానిలో 2 జీబీ మెమరీ ఉంది, అది ఇప్పుడు పూర్తిగా నిండిపోయింది. తయారీ సంస్థ తన పియానోలను స్మాల్, మీడియం, లార్జ్, ఎక్స్‌ఎల్ అనే పరిమాణాల్లో ఇస్తోంది. స్మాల్‌లో తీగల అనునాదపు (ఒక తీగ మోగినప్పుడు మిగిలిన తీగలూ దానితో కలిసి కంపించే ధ్వని) శాంపిళ్లు ఉండవు కాబట్టి అది తక్కువ చోటుతో సరిపెట్టుకుంటుంది. ఒక గ్రాండ్ పియానోను ఎక్స్‌ఎల్ పరిమాణంలో ఉంచుకుని మిగిలినవాటిని తగ్గించుకోవడం మేలా, లేక రకరకాల పియానోలను చిన్న పరిమాణంలో నింపుకుని పాటకొకటి వాడుకోవడం మేలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఒంటరిగా వాయించేటప్పుడు అనునాదం లేని లోటు స్పష్టంగా తెలుస్తోంది. బృందంతో వాయించేటప్పుడు అది ఉన్నదో లేదో నాకే తెలియడం లేదు. రెండు పద్ధతులనూ పాటించి చూసినవారి అభిప్రాయాలు కోరుతున్నాను.

మంద్రం:

ఒక్క పెద్ద పియానోనే ఉంచుకోమని నా సలహా. కారణం చెవికంటే ఎక్కువగా చేతికి సంబంధించినది.

ముందుగా పరిమాణం ఎందుకు పెరుగుతుందో చూద్దాం. సెకనుకు 44,100 నమూనాల చొప్పున, 16 బిట్లలో, స్టీరియోలో రికార్డు చేస్తే ఒక్క సెకను ధ్వనికి 1,76,400 బైట్లు కావాలి. 88 మెట్లనూ నాలుగేసి బలాలతో, పదేసి సెకన్ల పాటు తీసుకుంటే అది 62 కోట్ల బైట్లు దాటుతుంది. పెడల్ నొక్కినప్పటి ధ్వనిని విడిగా రికార్డు చేస్తే అంతా రెట్టింపు అవుతుంది. అందుకే తయారీదారులు కొన్ని మెట్లను వదిలి పక్క మెట్టు శాంపిల్‌నే శ్రుతి మార్చి వాడతారు, ధ్వని చివరి భాగాన్ని లూప్ చేస్తారు (మళ్లీ మళ్లీ తిప్పి వాడతారు), ఒక్కో బలానికి ఒక్కో శాంపిల్‌గా ఉండే పొరలను తగ్గిస్తారు, డేటాను కుదిస్తారు. చిన్న పియానో అంటే ఈ రాజీల్లో కొన్నింటిని మనం ముందుగానే ఒప్పుకున్నట్లు.

అసలు విషయం ఆ పొరల దగ్గర ఉంది. వాద్యాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే మిడి పద్ధతిలో మెట్టు నొక్కిన వేగం 1 నుంచి 127 వరకు ఒక అంకెగా నమోదవుతుంది. ఏ అంకె దగ్గర మెత్తని పొర ముగిసి గట్టి పొర మొదలవుతుందన్నది ప్రతి పియానోకూ వేరుగా ఉంటుంది. నెలల తరబడి ఒకే పియానో మీద సాధన చేసిన చేతికి ఆ సరిహద్దు ఎక్కడుందో తెలిసిపోతుంది. కోరుకున్న చోట కోరుకున్నంత మెరుపు దానంతట అదే వస్తుంది. పాటపాటకూ పియానో మారిస్తే ఆ జ్ఞానం ఎక్కడా స్థిరపడదు. వాయించేవారు అప్పుడు ధ్వనిని ఎంచుకోవడానికి పెట్టిన శ్రద్ధలో సగమైనా దానిని పలికించడానికి పెట్టలేరు. ఇది నేను చాలా ఆలస్యంగా గ్రహించిన విషయం కాబట్టి కొంత గట్టిగానే చెబుతున్నాను.

పెడల్64:

మంద్రం గారు చేతి గురించి చెప్పినది నిజమే, కానీ అది ఒంటరిగా వాయించేవారికి చెప్పవలసిన మాట. బేస్ గిటారు, కిక్ డ్రమ్, రెండు గొంతులు కలిసి మోగుతున్నప్పుడు గ్రాండ్ పియానో దీర్ఘ నాదం కింది స్థాయిలో పేరుకుని అన్నింటినీ మసకబారుస్తుంది. ఈక్వలైజరుతో ధ్వని రంగును మార్చగలం గాని అది తగ్గిపోయే తీరును మార్చలేం. త్వరగా ఆరిపోయే నిలువు పియానో శాంపిల్ ఒకటి ఉంటే వేగమైన పాటలో ప్రతి స్వరమూ విడివిడిగా వినిపిస్తుంది. ఆ పని గ్రాండ్ పియానో పరిమాణాన్ని ఎంత పెంచినా జరగదు.

రెండవ సంగతి మోనో. చాలా వేదికల మీద స్పీకర్లకు వెళ్లేది ఒకే ఛానెల్. మైకులను దూరదూరంగా పెట్టి రికార్డు చేసిన స్టీరియో పియానోలో ఎడమ, కుడి ధ్వనులను కలిపినప్పుడు, ఒకే ధ్వని రెండు వేర్వేరు క్షణాల్లో మైకులను చేరి ఉండటం వల్ల, కొన్ని పౌనఃపున్యాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. హెడ్‌ఫోనులో అద్భుతంగా ఉన్న పియానో అక్కడ బోలుగా వినిపించడానికి కారణం ఇదే. నా దగ్గర ఆరు చిన్న పియానోలు ఉండటానికి అసలు కారణం మోనోలో బాగా నిలబడేవాటిని వెతుక్కోవడమే.

మంద్రం:

మోనో విషయంలో పెడల్64 గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పియానోను ఎంచుకునేటప్పుడే రెండు ఛానెళ్లనూ కలిపి వినాలని నేను మొదట చెప్పి ఉండవలసింది. అయితే అలా విని ఒకదానిని ఎంచుకున్నాక మిగిలిన అయిదింటితో పని ఏముంటుంది?

పియానోలు పెరిగినకొద్దీ వచ్చే మరో చిక్కు ఉంది. ఒక పాటకు కావలసిన ధ్వనులనూ అమరికలనూ దాచుకునే ప్రోగ్రామ్‌లో పియానో ఉండదు; ఫలానా పియానోను వాడాలన్న సూచన మాత్రమే ఉంటుంది. వాడటం లేదనుకుని నేను ఒకసారి ఒక నిలువు పియానోను మెమరీ నుంచి తీసివేశాను. రెండు రోజుల తరువాత, సాధన మధ్యలో ఒక ప్రోగ్రామ్ తెరిచి మెట్లు నొక్కితే తంత్రీ వాద్యాల పొర మాత్రమే మోగింది. పదకొండు ప్రోగ్రాములు ఆ పియానో మీద ఆధారపడి ఉన్నాయని అప్పుడు తెలిసింది. పాత పూర్తి బ్యాకప్‌ను తిరిగి ఎక్కిస్తే పియానో వస్తుంది కాని, ఆ బ్యాకప్ తరువాత తయారుచేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ప్రోగ్రామునూ దానికి కావలసిన శాంపిళ్లనూ ఒకే ఫైలులో కట్టి దాచే బండిల్ సదుపాయాన్ని ఆ రోజు నుంచే వాడుతున్నాను.

నల్లమెట్టు:

పియానోల సంఖ్య మీద ఇంత చర్చ జరుగుతున్నా ప్రోగ్రాముల వరుస గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రోగ్రాములు ఉండే బ్యాంకులను కచేరీ వరుసలో సర్దుకునేవారు ప్రతి కార్యక్రమానికీ అంతా కదపవలసి వస్తుంది. బయటి పరికరం నుంచి మిడి ప్రోగ్రామ్ ఛేంజ్ సందేశంతో ప్రోగ్రామును పిలిచేవారికి ఇది మరింత నష్టం, ఎందుకంటే ఆ సందేశం వెతికేది పేరును కాదు, స్థానాన్ని. ప్రోగ్రాములను స్థిరమైన చోట ఉంచి, వరుసను మాత్రం సాంగ్ జాబితాలో మార్చుకోండి. స్టేజ్ 3లో ఒక్కో సాంగ్‌కు అయిదేసి ప్రోగ్రాములను జోడించవచ్చు.

తెల్లమెట్టు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కంప్యూటరుకు కలిపి ఏ ప్రోగ్రామ్ ఏ పియానోను వాడుతోందో ఒక్కొక్కటిగా చూశాను. మెమరీలో ఉన్న తొమ్మిది పియానోల్లో మూడింటిని ఏ ప్రోగ్రామూ పిలవడం లేదు. వాటిని తీసివేశాను, మరో మూడింటి మీద ఆధారపడిన ప్రోగ్రాములను బండిళ్లుగా దాచిన తరువాతనే గ్రాండ్ వైపు మళ్లించాను. పెడల్64 గారి మాట మీద నిలువు పియానోను స్మాల్ పరిమాణంలో ఉంచుకుంటున్నాను. నాలుగు వేగమైన పాటలకు దాని బదులు మరొకటి పనికిరాలేదు.

మంద్రం గారి వాదనను పరీక్షిస్తుండగా ఇంకొకటి కనిపించింది. బృందంతో వాయించే ప్రోగ్రాముల్లో అదే పెద్ద గ్రాండ్‌ను ఉంచి, తీగల అనునాదాన్ని మాత్రం ఆపివేశాను. పొరలు మారలేదు కాబట్టి చేతికి ఏ తేడా తెలియలేదు, ధ్వని మాత్రం తేలికపడింది. అది డ్రమ్ముల మధ్య ఎలా నిలుస్తుందో వచ్చే సాధనలో, మోనోలో విని ఇక్కడే రాస్తాను.