ఇంట్లో చదివిస్తే పిల్ల మొద్దవుద్దా? టెన్త్ రాయనివ్వరా?

ముమ్మిడివరం బాబాయ్ అడిగారు:
మా తమ్ముడూ మరదలూ పాపని మూడో తరగతితో మాన్పించి ఇంట్లోనే చదివిస్తామంటున్నారండి. ఊళ్లో తలా ఓ మాట. కేసు పెడతారని ఒకరు, టెన్త్ రాయనివ్వరని ఇంకొకరు. నలుగురితో కలవక మొద్దులా తయారవుద్దని మా అత్తయ్య. మరదలు ఇంటర్ దాకానే చదివింది. ఇందులో నిజమెంత, పుకారెంత?

కాలువగట్టు:
కేసు సంగతి ముందు చెప్తానండి. విద్యాహక్కు చట్టం (2009) పదో సెక్షన్ ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. చేర్చకపోతే ఇంత జరిమానా, ఇన్నాళ్లు జైలు అని ఆ చట్టంలో లేదు. ఇంట్లో చదివించుకోవచ్చనీ లేదు. భయపెట్టేవాళ్లూ, ‘అంతా చట్టబద్ధమే’ అని ధీమా ఇచ్చేవాళ్లూ ఇద్దరూ ఓ మెట్టు ఎక్కువే మాట్లాడుతున్నారు. బడి మానేసిన పిల్లల లెక్క కోసం గ్రామ సచివాలయం నుంచో బడి నుంచో ఎవరైనా ఇంటికి రావచ్చు. వస్తే గొడవపడొద్దు. తేదీలు వేసి రాయించిన నోట్సులు చూపించండి. బడి మానేటప్పుడు టీసీ తీసుకుని దాచండి.

టెన్త్ రాయనివ్వరన్నది వట్టిమాట. ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది, ఎన్ఐఓఎస్ (కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్) ఉంది. రెండిట్లోనూ 14 ఏళ్లు నిండాలి. ఎన్ఐఓఎస్ అయితే ఏడాదికి రెండుసార్లు పరీక్షలు (ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు), ఐదు సబ్జెక్టులు, పాసు మార్కులు 33 శాతం. ఒకసారి రిజిస్ట్రేషన్ చేస్తే ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు పక్కన పెట్టి మిగతావి తర్వాత రాసుకోవచ్చు.

దెబ్బ తినేది మూడు చోట్ల. తేలిగ్గా ఉంటుందని లెక్కలూ సైన్సూ వదిలేసి వేరే సబ్జెక్టులు ఎంచుకుంటారు, రెండేళ్ల తర్వాత ఎంపీసీ కావాలంటే దారుండదు. టీఎంఏలు, అంటే ఇంటి నుంచి రాసి పంపే అసైన్‌మెంట్లు, పంపరు. వాటికి 20 శాతం వెయిటేజీ. సైన్సు ప్రాక్టికల్‌కి స్టడీ సెంటర్‌కి వెళ్లాలి, ఆ తేదీ మర్చిపోతారు.

ఓపెన్‌లో చదివితే డాక్టరవలేరన్నది కూడా పాతమాటే. ఓపెన్ స్కూల్ పిల్లల్ని నీట్‌కి దూరం పెట్టిన నిబంధనని 2018లోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

కొబ్బరితోట:
అమ్మకి బీఈడీ ఉండక్కర్లేదండి, ఓపిక ఉండాలి. ప్రైమరీ పిల్లకి ఎదురుగా కూర్చోబెట్టి చెప్తే రోజుకి రెండు మూడు గంటలు చాలు. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఇంట్లో కూడా బెల్లు కొట్టేవాళ్లు నెల తిరక్కుండా అలిసిపోతారు.

ఇంకో వైపు పొరపాటూ ఉంది. ‘ప్రకృతే గురువు’ అని పుస్తకం మూసేస్తారు. 45 రోజులకో కొబ్బరి దింపు, కాయల ధర వెయ్యికింత, దింపుడు కూలి పోను ఎంత మిగిలింది అన్నది చక్కటి లెక్కే. కానీ కాగితం మీద వేయించకపోతే పిల్ల నోటిలెక్కలో పులి, భిన్నాల దగ్గర పిల్లి. రోజుకో పేజీ, తేదీతో.

మొద్దవుద్దన్న మాటకి: మన ఊళ్లలో కష్టం పిల్ల ఇంట్లో ఉండడం కాదు, మిగతా పిల్లలు ట్యూషన్లో ఉండడం. నాలుగుంపావుకి బడి వదిలితే ఐదింటికల్లా ట్యూషన్. మధ్యలో ఆ ముప్పావుగంటే ఆట. ఆ వేళకి మీ పాప వీధిలో ఉండాలి, పాఠం ముందు కాదు. ఆదివారం ఎటూ ఉంది.

లంకగ్రామం:
పై ఇద్దరూ చెప్పనిది ఒకటి. రెక్కాడితే గానీ డొక్కాడని ఇల్లయితే మాన్పించొద్దంటాను. బడిలో మధ్యాహ్న భోజనం, పుస్తకాల కిట్టు పోతాయి, ‘తల్లికి వందనం’ పథకం డబ్బు రాదు.

ముమ్మిడివరం బాబాయ్:
తమ్ముడికి ఆక్వా చెరువులున్నాయి లెండి. మరి ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) లోకల్ కోటా? స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు కదా.

కాలువగట్టు:
అసలు అడగాల్సింది ఇదేనండి, ఎవరూ అడగరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లోనే దీనికి దారి ఉంది. అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్లు ఆ లోకల్ ఏరియాలో చదివి ఉండాలి. ఏ బడిలోనూ చదవకపోతే, ఆ నాలుగేళ్లూ అక్కడ నివాసం ఉన్నట్టు చూపించాలి. ఉభయగోదావరులూ ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. ఎంసెట్‌కి అర్హత పరీక్ష అంటే ఇంటర్. నివాస ధ్రువపత్రం తహసీల్దారు ఇస్తారు. చదువు పేరుతో పాప ఆధార్‌ని హైదరాబాద్ మేనత్త ఇంటి అడ్రసుకి మార్చారంటే ఆ నాలుగేళ్ల రుజువు అక్కడే తెగుద్ది. ఆధార్, రేషన్ కార్డు ఊళ్లోనే ఉంచండి. అప్లికేషన్ పెట్టేముందు ఆ ఏటి నోటిఫికేషన్లో పత్రం నమూనా చూసుకోండి.

ముమ్మిడివరం బాబాయ్:
ఆయ్, టీసీ సంగతి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.