అర్ధవృత్తాకార తీగ మీద అయస్కాంత బలం: చాపం పొడవుతో గుణిస్తే జవాబు ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న

తీగ అర్ధవృత్తంగా వంగి ఉంది, వ్యాసార్ధం 20 సెం.మీ., కరెంటు 5 ఆంపియర్లు. 0.4 టెస్లాల ఏకరీతి క్షేత్రం కాగితంలోంచి మన వైపు వస్తోంది. కరెంటు కుడి కొన దగ్గర బయలుదేరి, పైనుంచి తిరిగి ఎడమ కొనకు చేరుతుంది. క్షేత్రం తీగకు అన్నిచోట్లా లంబమే కదా అని ‘ఐ ఎల్ బి’ (బలం = కరెంటు × తీగ పొడవు × క్షేత్రం) సూత్రంలో ఎల్ బదులు చాపం పొడవు 0.628 మీటర్లు వేస్తే 1.257 న్యూటన్లు వచ్చింది. సరైన జవాబు 0.8 అట. కోణం ఎక్కడా 90 డిగ్రీలు దాటి మారలేదు, మరి తేడా ఎక్కడిది? సమాకలనం ఎలా మొదలుపెట్టాలి?

జవాబు 1

తీగకూ క్షేత్రానికీ మధ్య కోణం మారలేదు, నిజమే. మారింది బలం దిశ. కుడి కొన దగ్గర తీగముక్క మీద బలం కుడికి, నడినెత్తిన పైకి, ఎడమ కొన దగ్గర ఎడమకు. మీరు వీటి పరిమాణాలను మాత్రం కలిపేశారు. 1.257 ఏ దిశలోనూ ఉన్న బలం కాదు.

కేంద్రాన్ని మూలబిందువుగా తీసుకోండి. తీటాను కుడివైపు అక్షం నుంచి కొలవండి. వ్యాసార్ధం ఆర్ అనుకుంటే, తీటా దగ్గర చిన్న ముక్క పొడవు ఆర్ × డీతీటా. దాని మీద బలం పరిమాణం ఐ × బి × ఆర్ × డీతీటా. దిశ కోసం కుడిచేతి నియమం వాడితే అది వ్యాసార్ధం వెంట బయటికి వస్తుంది. ఇప్పుడు విడగొట్టండి:

అడ్డ అంశం = ఐ బి ఆర్ × కాస్ తీటా × డీతీటా
నిలువు అంశం = ఐ బి ఆర్ × సైన్ తీటా × డీతీటా

అవధులు 0 నుంచి 180 డిగ్రీలు. కాస్ సమాకలని సున్నా, ఎందుకంటే కుడి సగం తోసినంతా ఎడమ సగం వెనక్కి తోస్తుంది. సైన్ సమాకలని 2. కనుక మొత్తం బలం 2 × 5 × 0.4 × 0.2 = 0.8 న్యూటన్లు, నిట్టనిలువుగా పైకి.

రెండుచోట్ల జాగ్రత్త. 20 సెం.మీ.ను 0.2 మీటర్లుగా మార్చకపోతే జవాబు వంద రెట్లవుతుంది. డీతీటా రేడియన్లలోనే ఉండాలి. ముక్కలుగా కూడేటప్పుడు 30 డిగ్రీల మెట్టును 0.5236 బదులు 30గా వేస్తే జవాబు 57.3 రెట్లు పెరిగిపోతుంది.

జవాబు 2

పై లెక్క సరైనదే. అయితే క్షేత్రం ఏకరీతిగా ఉన్నప్పుడు సమాకలనం దాకా వెళ్లక్కర్లేదు. బి స్థిరం కాబట్టి సమాకలని బయటికి వచ్చేస్తుంది, లోపల మిగిలేది డీఎల్ సదిశల (దిశతో సహా తీసుకున్న చిన్న తీగముక్కల) మొత్తం. అది మొదటి కొన నుంచి చివరి కొనకు గీసిన సరళరేఖ. ఇక్కడ 0.4 మీటర్ల వ్యాసం, ఎడమవైపుకు. 5 × 0.4 × 0.4 = 0.8. తీగ ఎన్ని వంపులు తిరిగినా కొనలు అవే అయితే బలమూ అదే. మూసిన లూపులో రెండు కొనలూ కలిసిపోతాయి కనుక నికర బలం సున్నా.

రద్దయిన అడ్డ బలాలు ఊరికే పోవు, తీగను లోపల సాగదీస్తాయి. కొనలు మాత్రమే పట్టుకుని ఉంటే ఒక్కో కొన దగ్గర తన్యత (తీగలోని లాగుడు బలం) ఐ బి ఆర్, అంటే 0.4 న్యూటన్లు. రెండు కొనలూ కలిసి 0.8ని ఆపుతాయి. నా దృష్టిలో జవాబును సరిచూసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ప్రశ్న అడిగినవారు

అర్థమైంది. క్షేత్రం ఏకరీతిగా లేకపోతే? వ్యాసం దగ్గర సున్నా, పైకి పోయేకొద్దీ మీటరుకు 2 టెస్లాల చొప్పున పెరుగుతోందనుకోండి. కొనల మధ్య గీతతో చేస్తే బలం సున్నా వస్తోంది.

జవాబు 1 ఇచ్చినవారు

ఆ దగ్గరిదారి ఇక్కడ పనికిరాదు. బి బయటికి రాదు, ఆ గీత మీద క్షేత్రం ఎంతున్నా చాపానికి సంబంధం లేదు. సమాకలనమే చేయాలి. తీటా దగ్గర ఎత్తు ఆర్ సైన్ తీటా, అంటే క్షేత్రం 2 × 0.2 × సైన్ తీటా. నిలువు అంశంలో ఇంకో సైన్ ఉంది కదా, లోపల సైన్ వర్గం వస్తుంది. 0 నుంచి 180 డిగ్రీల వరకు దాని సమాకలని 1.5708. బలం = 5 × 2 × 0.04 × 1.5708 = 0.628 న్యూటన్లు, పైకి. అడ్డ అంశం ఇక్కడా సున్నాయే.

చాపం మీద సగటు క్షేత్రం (0.2546 టెస్లాలు) తీసి వ్యాసంతో గుణించినా కుదరదు, 0.509 వస్తుంది. క్షేత్రం ఎక్కువున్న నడినెత్తినే నిలువు అంశమూ ఎక్కువ. సగటు ఆ జోడింపును చెరిపేస్తుంది.

కంప్యూటరులో సరిచూడాలంటే చాపాన్ని సమాన ముక్కలు చేసి, ఒక్కో ముక్క మధ్యబిందువు దగ్గర బలం కూడండి. మొదటి లెక్కలో, సైన్ సమాకలని 2 రావాల్సినచోట, 6 ముక్కలకు 2.023, 12 ముక్కలకు 2.006 వస్తుంది. ముక్కకు చాపం పొడవు బదులు దాని రెండు కొనల మధ్య సరళ దూరం వాడితే 6 ముక్కలకే కచ్చితంగా 2.

జవాబు 3

ఇంకో రకం ప్రశ్న తరచుగా వస్తుంది: 0.4 టెస్లాల ఏకరీతి క్షేత్రమే, కానీ కాగితం తలంలో, వ్యాసం వెంట. కొనల మధ్య గీత క్షేత్రానికి సమాంతరం కనుక నికర బలం సున్నా. అక్కడితో ఆగిపోకండి. ఒక సగాన్ని కాగితం లోపలికి, మరో సగాన్ని బయటికి తోస్తుంది కాబట్టి టార్క్ (తీగను తిప్పే ప్రభావం) ఉంటుంది. వ్యాసం వెంట తీగ వేసి లూపు మూశామనుకోండి, ఆ తీగ మీద బలం లేదు, టార్కూ లేదు. అందుకే అర్ధవృత్తం టార్క్ = ఐ × బి × వైశాల్యం = 5 × 0.4 × 0.0628 = 0.126 న్యూటన్ మీటర్లు.