మధురవాడలో ఫ్రీ కిడ్నీ క్యాంప్: పెట్టాలా, వద్దా?

మధురవాడ_వాసి: వచ్చే ఆదివారం మా అపార్ట్‌మెంట్ హాల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు ఫ్రీగా బీపీ, షుగర్, యూరిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూస్తామన్నారు. కమిటీలో సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

పెదవాల్తేరు_మావయ్య: వద్దు. ఫ్రీ అంటే గాలమే. రెండేళ్ళ క్రితం మా నాన్నగారికి ఇలాంటి క్యాంపులోనే క్రియాటినిన్ 1.6, ఎక్కువుంది అని రాసిచ్చారు, మర్నాటి నుంచి ఒకటే ఫోన్లు, ఇంట్లో అందరికీ టెన్షన్, మూడో రోజుకి అడ్మిట్ అన్నారు. 18 వేలు వదిలాయి. నెల తర్వాత వేరే ల్యాబ్‌లో చేయిస్తే 1.1! క్యాంపు ముందురోజు ఆయన నీళ్ళు కూడా సరిగ్గా తాగకుండా ఎండలో పెళ్ళి పనుల మీద తిరిగారు, ఆ సంగతి అడిగినవాడు లేడు.

ల్యాబ్_రిటైర్డ్: తప్పు క్యాంపుది కాదండీ, ఒక్క రిపోర్టు చూసి తేల్చేయడం తప్పు. ఒంట్లో నీరు తగ్గినా క్రియాటినిన్ పెరుగుతుంది, జ్వరం ఉన్నా యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కనబడొచ్చు. మూడు నెలలు దాటినా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బంటారు. అలాగని ధీమా కూడా పనికిరాదు, కిడ్నీ పని సగం పడిపోయేదాకా క్రియాటినిన్ నార్మల్‌గానే ఉండొచ్చు. కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో వయసు కలిపి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ చూడాలి, 60 లోపు వస్తే మళ్ళీ చేయించాలి.

పెదవాల్తేరు_మావయ్య: అయితే 1.6కి అడ్మిట్ చేస్తారా, చెయ్యరా? సూటిగా చెప్పండి.

గాజువాక_బుల్లోడు: మళ్ళీ 1.6 దగ్గరికే వచ్చాం.

సోంపేట_పిల్ల: మీకు డబ్బు పోయింది మావయ్యా, మా చిన్నాన్నే పోయాడు. జీడితోటలో పని, ఒళ్ళునొప్పులొస్తే మందుల షాపు బిళ్ళ. కాళ్ళు వాచాక విశాఖ తెస్తే నేరుగా డయాలసిస్. ఒక్కసారి ఎవరైనా ముందే రక్తం తీసి చూసుంటే! పలాస కిడ్నీ ఆసుపత్రి తెరిచింది 2023 డిసెంబరులో, మాకు అప్పటికే అంతా అయిపోయింది.

పెదవాల్తేరు_మావయ్య: బాధేనమ్మా. కానీ ఊరూరా కిడ్నీ జబ్బులుండటానికి మధురవాడ మీ ఉద్దానం కాదుగా.

సోంపేట_పిల్ల: ఆ అపార్ట్‌మెంట్లు కట్టేదెవరు? ఉద్దానంలోని కవిటి, కంచిలి నుంచి వలసొచ్చిన మావాళ్ళు కాదూ? పక్క సైటులో రేకుల షెడ్లలోనే ఉంటారు. వాళ్ళని పిలిచారా ఎవరైనా?

మధురవాడ_వాసి: సరే, అసలు సంగతి చెప్పేస్తా. గొడవంతా దానికే. కూలీలని హాల్లోకి రానిస్తే ఊరుకోం అంటున్నారు. వాచ్‌మన్ కుటుంబం వరకూ ఒప్పుకున్నారు.

సోంపేట_పిల్ల: మరి గాలం, 1.6 అని ఇంతసేపు దేనికండీ?

ల్యాబ్_రిటైర్డ్: సైటు గేటు దగ్గరే పెట్టండి, పని దిగాక, సాయంత్రం. ఇంకో మాట, ఉద్దానం జబ్బులో చాలామందికి మొదట్లో యూరిన్‌లో ప్రోటీన్ పెద్దగా పోదు. ఒట్టి స్ట్రిప్ ముంచి పంపేస్తే దొరకదు, రక్తం తీయాల్సిందే.

పెదవాల్తేరు_మావయ్య: గేటు దగ్గరైతే నాకేం అభ్యంతరం లేదు. ఫోన్ నంబర్లు మాత్రం ఆసుపత్రికి ఇవ్వకండి.

సోంపేట_పిల్ల: నంబరు లేకపోతే మూడు నెలలయ్యాక మళ్ళీ టెస్టుకి ఎవరు పిలుస్తారు? అప్పటికి వాళ్ళు ఏ సైటులో ఉంటారో!

పెదవాల్తేరు_మావయ్య: అసోసియేషన్ రాసిపెట్టుకుని పిలవాలి.

మధురవాడ_వాసి: అసోసియేషనా? మెయింటెనెన్స్ బాకీలకే ఫోన్ చేసి అడిగే దిక్కు లేదు సార్.

పెదవాల్తేరు_మావయ్య: అదలా ఉంచండి. ల్యాబ్ గారూ, 1.6కి అడ్మిట్ చేస్తారా, చెయ్యరా?