బాపుకు కొత్తగా జీమెయిల్ తెరిచిన, ఏమేం చెప్పాలె?

ప్రశ్న (హన్మకొండ): తెరిచి వారం కాలే, "కరెంటు బిల్లు బాకీ, రాత్రికి లైను కట్" అని మెయిల్ వచ్చింది, కింద లింకు. అసలుదా నకిలీదా ఎట్ల తెలుస్తది?

జవాబు 1: పైన కనబడే పేరును నమ్మొద్దన్నా, అది ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కి చిరునామా చూడున్రి. లింకును నొక్కకుండా వేలు ఆనిచ్చి పట్టుకుంటే అది ఎటు పోతదో కనబడ్తది. https:// తర్వాత వచ్చే మొదటి అడ్డగీత (/)కు ముందు చివర్ల ఉన్నదే అసలు పేరు. "ఎస్‌బీఐ డాట్ ఏదో డాట్ టాప్" అని ఉంటే అది బ్యాంకుది కాదు. సైటు చిరునామా పక్కన తాళం గుర్తు ఉన్నా మోసపు సైటు కావచ్చు. బిల్లు సంగతి లింకుల కాదు, మీటర్ రీడింగ్ చీటీ మీది సర్వీస్ నంబర్‌తోటి చూసుకోవాలె.

జవాబు 2: ముందుగాల టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టినంక ఇంకోసారి మీరేనా అని అడిగే రెండో తాళం) పెట్టున్రి. గూగుల్ అకౌంట్‌ల సెక్యూరిటీల ఉంటది. అక్కడనే 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తది. కాయితం మీద రాసి బీరువాల పెట్టున్రి. ఫోన్ పోయిన రోజు అవే దిక్కు.

జవాబు 3: మెయిల్‌ల గాని వాట్సాప్‌ల గాని ఏపీకే ఫైల్ (ఫోన్‌ల యాప్ ఎక్కించే ఫైల్) వస్తే తెరవద్దు. దానికి మెసేజ్‌లు చదివే పర్మిషన్ ఇస్తే ఓటీపీలు వాళ్ల చేతికే. ఇంకోటి, పైసలు రావాలంటే యూపీఐ పిన్ అక్కర్లే. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టున్రి, బ్యాంకుకూ చెప్పున్రి. ఆలస్యమైతే పైసలు వేరే ఖాతాలకు దాటిపోతయి.