పింగ్: పొడి అక్షరాల పేరా, చప్పుడు పేరా?

సిరివెన్నెల_99: అవతలి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో పలుకుతోందో లేదో చూసే ప్రోగ్రాం పింగ్ ఉంది కదా, మా కోచింగ్ నోట్స్‌లో పింగ్ అంటే "ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్" అని ఉంది. ఆఫీసులో సీనియర్ ఒకాయన అది శుద్ధ తప్పు, అది చప్పుడును బట్టి పుట్టిన మాట అన్నారు. ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

తీగలాగేవాడు: మీ సీనియర్ చెప్పిందే రైటండీ. ఆ ప్రోగ్రాం రాసిన మైక్ మూస్ అమెరికా సైన్యంవాళ్ల బాలిస్టిక్ పరిశోధన ల్యాబ్‌లో పనిచేసేవారు. 1983 డిసెంబరులో నెట్‌వర్క్ సరిగ్గా పనిచేయక సతాయిస్తుంటే ఒక్క సాయంత్రం కూర్చుని రాసేశారు. నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో వస్తువుల్ని పసిగట్టే సోనార్ చేసే శబ్దాన్ని బట్టే ఆ పేరు పెట్టానని ఆయనే రాశారు, కాలేజీలో సోనార్, రాడార్‌ల మోడలింగ్ చేసిన మనిషి కదా. పని తీరు కూడా అదే: అవతలి మిషన్‌కి ఎకో రిక్వెస్ట్ వెళ్తుంది, ఎకో రిప్లై వస్తుంది, మధ్యలో ఎంతసేపు పట్టిందో లెక్కేస్తుంది. పొడి అక్షరాల విస్తరణ డేవ్ మిల్స్ ఇచ్చిందని విన్నానని మూసే రాశారు.

పాతపుస్తకం: మిల్స్ అంటే అల్లాటప్పా మనిషి కాదన్నా, కంప్యూటర్ గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ ఆయనదే. ఇన్నేళ్లుగా జనం వాడుతున్న విస్తరణను కొట్టిపారేస్తే ఎలా? పైగా సోనార్ కూడా మొదటిది కాదు. ఇంగ్లీషులో 1835 నాటికే తుపాకీ గుండు తగిలిన చప్పుడుకి ఈ మాట ఉంది. సోనార్ అర్థం కనిపించేది 1943లో.

తీగలాగేవాడు: 1835 సంగతి ఒప్పుకుంటా, కానీ అది నా వాదనకే బలం. గుండు, సోనార్, ప్రోగ్రాం, మూడింటికీ వెనక ఉన్నది చప్పుడే. మిల్స్ మీద నాకూ గౌరవం ఉంది, అయినా పేరు ఎందుకు పెట్టారన్నది పెట్టినాయనే చెప్పాలి. అసలు "గ్రోపర్" అంటే చీకట్లో తడుముకునేది, చివర జీ అక్షరం కోసం కాకపోతే ఆ మాట ఎవరికి తడుతుంది చెప్పండి?

గోదారిగట్టు: మరి చాట్‌లో "నాకు పింగ్ చెయ్" అంటాం, అందులో సోనార్ ఎక్కడుంది?

తీగలాగేవాడు: ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూడటమే కదండీ, అందుకే ఆ వాడుక నాకు సరిగ్గానే అనిపిస్తుంది. సిరివెన్నెల గారూ, ఇంటర్వ్యూలో సోనార్ అని చెప్పండి, ఆ విస్తరణ కూడా వాడుకలో ఉందని కలపండి. అడిగేవాళ్ల నోట్స్‌లో ఏది ఉన్నా ఇబ్బంది రాదు.