పిట్టల సంచిలో వలిసెలు: మీ వైపు ఏమంటారు?

అందరికీ నమస్కారం. మార్చి నుంచి న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పెరట్లో పిట్టల కోసం ఒక ఫీడర్ వేలాడదీశారు. మేజోడు లాంటి తెల్ల జాలీ సంచి, దాని నిండా సన్నటి నల్ల గింజలు. పొద్దున్నే టీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుంటే అయిదారు గోల్డ్‌ఫించ్‌లు వచ్చి ఆ సంచికి అతుక్కుంటాయి. కొన్నయితే తలకిందులుగా వేలాడుతూనే తింటాయి. 1935 నుంచి ఈ రాష్ట్రపు పక్షి ఇదేనట. నేను వచ్చిన కొత్తలో మగవి కూడా మాసిన రంగులో వెలవెలబోతూ ఉండేవి. ఇప్పుడు ఈకలు మార్చుకుని, నుదుటి మీద నల్లమచ్చతో, పసుపు ముద్దల్లా మెరిసిపోతున్నాయి.

మొన్న సంచి నింపుతూ నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని చూశాను. నువ్వుగింజ కంటే సన్నం, పొడుగు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. గోటితో నొక్కితే తెల్లటి పప్పు, వేలికి నూనె జిడ్డు. పాకెట్ మీద ‘నైజర్’ అని రాసుంది. మా అమ్మాయి ‘థిసిల్’ అంటుంది, ఇక్కడ చాలామంది అలాగే అంటారట. థిసిల్ అంటే వేరే ముళ్ళమొక్క, ఈ గింజ దానిది కాదు. నాకు మాత్రం శృంగవరపుకోట దగ్గర మా అమ్మమ్మగారి ఊరి సంత గుర్తొచ్చింది. కొండ మీంచి గిరిజనులు బుట్టల్లో తెచ్చి, కుంచాలతో కొలిచి అమ్మిన వలిసెలు ఇవే! చలికాలం మొదట్లో అరకు వాలులన్నీ పసుపుపచ్చగా పూస్తాయే, ఆ చేల గింజలు.

ఇప్పుడు నా సందేహం. కొందరు వీటిని ‘వెర్రి నువ్వులు’ అంటారు. ఇక్కడ వెర్రి అంటే పిచ్చి అని కాదు, చూడ్డానికి అలాంటిదే కానీ అసలుది కాదు అని. వెర్రిపుచ్చ కూడా అంతే కదా. కానీ సొంత పేరున్న పంటని ‘అది కానిది’ అని పిలవడం నాకు మనసొప్పదు. వలిసె చేను, వలిసె పువ్వు, వలిసె నూనె అంటుంటే నోటికి ఎంత హాయిగా ఉంది! మీ వైపు ఏమంటారు?

*జవాబు:* అమ్మా, మాది హిందూపురం. కన్నడంలో వీటిని హుచ్చెళ్ళు అంటారు. హుచ్చు అంటే వెర్రి, ఎళ్ళు అంటే నువ్వులు. అచ్చం మన వెర్రి నువ్వులే! తమిళంలో పేయెళ్ళు, అంటే దయ్యపు నువ్వులు. కాబట్టి వెర్రి అన్న మాటని మరీ తీసిపారెయ్యకండి, దక్షిణాది అంతా ఈ గింజని ఒకే చూపుతో చూసింది.

*జవాబు:* వలిసెలు అన్నప్పుడు అవిసెలతో కలిపెయ్యకుండా జాగ్రత్తండీ. అవిసెలు గోధుమరంగులో, చదునుగా ఉంటాయి. సాలూరు దాటి కొరాపుట్ వైపు వెళితే వలిసెల్ని అలసి అంటారు. అదే మాట హిందీలో అవిసెలకి. మా వ్యాపారంలో ఈ గందరగోళం ఎప్పుడూ ఉన్నదే.

*జవాబు:* పిన్నిగారూ, కింద రాలిన గింజలు మొలుస్తాయా? మొలిస్తే మీ అమ్మాయి పెరడే అరకు అయిపోతుంది కదా!

*మొదట రాసినవారు:* హిందూపురం బాబూ, మంచి మాట చెప్పావు. మూడు భాషల వాళ్ళూ కూడబలుక్కున్నట్టు అదే పేరు పెట్టారంటే, వెర్రి మీద నా కోపం సగం తగ్గింది. అలసి సంగతి చెప్పినవారికి కూడా కృతజ్ఞతలండీ. అలసి, వలిసె పక్కపక్కన పెట్టి పలికితే చుట్టాల్లాగే వినిపిస్తున్నాయి. కొండ మీద అటూ ఇటూ ఒకే సంతలకి తిరిగే జనం కదా, విచారించదగ్గ విషయమే.

మొలకల సంగతి. మా మనవడు కుండీలో గుప్పెడు చల్లి మూడు వారాలు నీళ్ళు పోశాడు, ఒక్కటీ మొలవలేదు. ఈ దేశానికి ఇవి ఇండియా నుంచి, ఇథియోపియా నుంచి వస్తాయి. వాటిలో బంగారు తీగ లాంటి కలుపు విత్తనాలు కలిసి ఉంటాయని, వేడి చేశాకే రానిస్తారట. బంగారు తీగ వలిసె చేలని ఎలా చుట్టేస్తుందో చూసినవాళ్ళకి ఆ భయం తెలుస్తుంది. పాపం, వాడు చాలా చిన్నబుచ్చుకున్నాడు.

ఇంకొక్కటి, ఇది చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పంట పుట్టిల్లు ఇథియోపియా, అక్కడ దీని పేరు ‘నూగ్’. మన రాయలసీమలో నువ్వుల్ని నూగులనే అంటారు కదా! కాకతాళీయమే అనుకుంటాను, అయినా చెవిని వదలడం లేదు. గింజల డబ్బా మీద మార్కర్‌తో ‘వలిసెలు’ అని రాసి అతికించాను. మనవడు కూడబలుక్కుని చదివాడు, ‘లి’ దగ్గర కాస్త ఆగాడు.